ముప్పై ఒక్క సున్నలు, ఒకే ఒక్క ఒకటి

సంపాదకులు గారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ‘వింతలు, విశేషాలు’ శీర్షిక కింద, రెండు తలలతో పుట్టిన గొర్రెపిల్లకూ ఇరవై ఏళ్లుగా గోళ్లు తీయించుకోని పెద్దమనిషికీ నడుమ ఒక నాలుగు వాక్యాల ముక్క వేశారు. 1963లో అమెరికాలో రెండు బేస్‌బాల్ జట్లు నాలుగు గంటలకు పైగా ఆడి, రెండూ కలిసి ఒక్క పరుగు చేశాయట. చూడవచ్చినవాళ్ల ఓపికకు దండం పెట్టాలట. రాసినవారి మీద ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వివరాల్లో తప్పు లేదు, తప్పంతా ఆ ముక్క పడిన చోటులో ఉంది. అది గొర్రెపిల్ల పక్కన పడవలసిన సంగతి కాదు. ఎందుకు కాదో చెప్పడానికి కాస్త చోటు ఇవ్వండి. కోత వేయవలసివస్తే నా సొంత గోడు కోయండి, ఆ ఆట సంగతి మాత్రం ఉంచండి.

నేను తపాలా శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని. ఆ ముప్పై నాలుగేళ్ల ఆదివారాలూ పండగ సెలవులూ గుంటూరు, తెనాలి మైదానాల్లో క్రికెట్ స్కోరు పుస్తకం ముందు గడిచాయి. వేపచెట్టు కింద బల్ల, రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు, పక్కన మజ్జిగ సీసా. ఆడినవాణ్ని కాను. ఆడిన రెండు మూడు సార్లూ నా పేరు ఎదుట నేనే సున్న వేసుకున్నాను. అయితే ఒక బంతికి ఒక చుక్క పెడుతూ ముప్పై నాలుగేళ్లు కూర్చున్నవాడికి సున్న అంటే ఏమిటో కొంత తెలుస్తుంది.

మా అబ్బాయి ఫ్రీమాంట్‌లో ఉంటాడు. మూడేళ్ల కిందట వేసవికి వెళ్లినప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో జెయింట్స్ బేస్‌బాల్ జట్టు మైదానానికి తీసుకువెళ్లాడు. లోపలికి వెళ్లేముందు బయట ఒక కంచు విగ్రహం కనిపించింది. కుడికాలి మీద నిలబడి, ఎడమకాలు ఆకాశానికి ఎత్తి, బంతి వేయబోతున్న మనిషి. నటరాజు ఎత్తేదీ ఎడమ పాదమే కదా, నేను చేతులు జోడించబోయి ఆగాను. “నాన్నా, ఆయన హువాన్ మారిచల్, పాతకాలపు పిచ్చర్” అన్నాడు మా వాడు. అంతకుమించి వాడికీ తెలియదు. లోపల ఆట చూశాను. పాప్‌కార్న్ ఖరీదు తప్ప నాకేమీ అర్థం కాలేదు.

నాకు ఆ ఆట నేర్పింది మా అబ్బాయి ఇంటికి రెండిళ్ల అవతల ఉండే ఒక అమెరికా పెద్దాయన. ఆయనా నేనూ 1953లోనే పుట్టాం. సాయంత్రం పార్కులో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. నా ఇంగ్లిషు తపాలా ఇంగ్లిషు, ఆయన మాట నాకు సగమే అందేది. ఒకరోజు ఆయన ఒడిలో ఒక గళ్ల పుస్తకం, చెవి మీద పెన్సిలు చూశాను. అదేమిటో అడగక్కరలేకపోయింది. రేడియో వింటూ స్కోరు రాస్తున్నాడు. నా ఈడువాడు, నా జాతివాడు! ఆ రోజు నుంచి మాకు భాష అడ్డం రాలేదు.

వాళ్ల పద్ధతి చెప్తాను, మీ పాఠకుల్లో స్కోరర్లు ఉంటే సంతోషిస్తారు. ఫీల్డింగ్ చేసే తొమ్మిదిమందికి తొమ్మిది అంకెలు. బంతి వేసే పిచ్చర్ 1, పట్టే క్యాచర్ 2, నడిమి ఔట్‌ఫీల్డర్ 8, అలా. 6-4-3 అని రాస్తే బంతి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లి ఇద్దరు ఔటయ్యారో తెలిసినవాడి కళ్లకు కడుతుంది. మూడు స్ట్రైకులతో (బంతి కొట్టబోయి తప్పినా, కొట్టదగ్గ బంతిని వదిలేసినా స్ట్రైకే) ఔటైతే కె అక్షరం. ఆ కె ఎందుకో తెలుసా? ఇంగ్లాండులో పుట్టి అమెరికా చేరిన హెన్రీ చాడ్విక్ అనే విలేఖరి పందొమ్మిదో శతాబ్దంలో ఈ రాత పద్ధతికి రూపమిచ్చాడు. ‘స్ట్రక్’ అనే మాటకు ఇంగ్లిషులో చివరి అక్షరం కె, అందుకని అది తీసుకున్నాడు. ఆ చాడ్విక్ అంతకుముందు పత్రికలకు క్రికెట్ వార్తలు రాసినవాడు. అంటే ఆ గళ్ల పుస్తకం మన వేపచెట్టు కింది పుస్తకానికి దాయాదే. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే మా ఆవిడ నవ్వింది.

ఇక ఆ 1963 ఆట. జూలై 2, మంగళవారం రాత్రి, శాన్ ఫ్రాన్సిస్కోలో క్యాండిల్‌స్టిక్ పార్క్. అఖాతం మీద నుంచి వీచే చలిగాలికి పేరుపడ్డ మైదానం, ఇప్పుడు లేదు, కూల్చేశారు. మిల్వాకీ బ్రేవ్స్ జట్టు వచ్చి జెయింట్స్‌తో ఆడింది. మా బెంచీ మిత్రుడికి అప్పుడు పదేళ్లు. దిండు కింద ట్రాన్సిస్టర్ పెట్టుకుని వింటూ పదమూడో ఇన్నింగ్స్‌లో నిద్రపోయాడట. తెల్లారి వాళ్ల నాన్న కాఫీ తాగుతూ ఫలితం చెబితే, మేలుకుని ఉండలేకపోయానే అని ఏడ్చాడట. డెబ్బై దాటిన మనిషి ఆ మాట చెబుతున్నప్పుడు కూడా గొంతులో ఆ పదేళ్ల ఉక్రోషం వినిపించింది.

బేస్‌బాల్‌లో ఇన్నింగ్స్ అంటే మన ఇన్నింగ్స్ కాదు. ఒక జట్టులో ముగ్గురు ఔటయ్యేదాకా బ్యాటింగ్, తర్వాత రెండో జట్టులో ముగ్గురు ఔటయ్యేదాకా బ్యాటింగ్. రెండూ కలిపితే ఒక ఇన్నింగ్స్. బ్యాటర్ మూడు బేసులూ వరసగా చుట్టి, బ్యాటు పట్టిన చోటికే తిరిగొస్తే ఒక పరుగు; ఆ చోటును వాళ్లు ‘ఇల్లు’ అంటారు. అలాంటివి తొమ్మిది. అప్పటికీ సమానంగా ఉంటే ఎవరో ఒకరు తేలేదాకా సాగుతుంది. మామూలుగా పిచ్చర్ అలసిపోతే ఇంకొకణ్ని దింపుతారు. దిగిపోయినవాడు మళ్లీ రాకూడదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆ రాత్రి జెయింట్స్ పిచ్చర్, నేను దండం పెట్టబోయిన కంచు మనిషి, హువాన్ మారిచల్. డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక చిన్న పల్లెలో పుట్టినవాడు, వయసు 25. సరిగ్గా పదిహేడు రోజుల ముందు ఒక ఆటలో ఎదుటి జట్టుకు ఒక్క హిట్ (బ్యాటర్‌ను బేస్ చేర్చే దెబ్బ) కూడా ఇవ్వకుండా ముగించి ఉన్నాడు. బ్రేవ్స్ పిచ్చర్ వారెన్ స్పాన్, వయసు 42. తప్పు చదవలేదు, నలభై రెండే. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి, రైన్ నది మీద రెమాగెన్ వంతెన దగ్గర గాయపడి తిరిగొచ్చినవాడు. యుద్ధం వల్ల పెద్ద లీగులో అతని మొదటి గెలుపు (వాళ్లు ఆట గెలుపోటములను పిచ్చర్ల పేరిట కూడా రాస్తారు) 1946కు గాని రాలేదు. అప్పటికి అతని వయసు 25, ఆ రాత్రి మారిచల్ వయసే. అక్కడ మొదలుపెట్టి, కెరీర్ ముగిసేనాటికి 363 ఆటలు గెలిచాడు. ఎడమచేతి పిచ్చర్లలో అన్ని గెలుపులు ఇప్పటికీ ఎవరికీ లేవు.

ఎదురుగా నిలబడ్డ బ్యాటర్లు సామాన్యులని అనుకుంటారేమో. బ్రేవ్స్‌లో హ్యాంక్ ఆరన్, జెయింట్స్‌లో విల్లీ మెకోవీ. ఆ ఏడాది చివరికి ఇద్దరూ చెరి 44 హోమ్ రన్లతో నేషనల్ లీగ్‌లో సమంగా మొదటి స్థానంలో నిలిచారు. వీళ్లు చాలనట్టు జెయింట్స్‌లో విల్లీ మేస్. బంతిని ప్రేక్షకుల మధ్యకు కొట్టడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు ఇంతమంది ఉన్న మైదానంలో పదిహేను ఇన్నింగ్స్ పూర్తిగా సున్నలు పడ్డాయంటే అది వింతల శీర్షికకు చెందిన సంగతేనా? ఆరన్‌కు ఆ రాత్రి ఒక్క హిట్ కూడా దక్కలేదు.

ఈ ఏడు ఎండాకాలంలో, తెనాలిలో కరెంటు పోయిన మధ్యాహ్నాలు, ఆ ఆట మొత్తాన్ని నేను గళ్ల కాగితం మీద మళ్లీ రాశాను. ఏ ఇన్నింగ్స్‌లో ఏ బ్యాటర్ ఏం చేశాడో వివరం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. మా మనవరాలు ప్రింటు తీసి పంపింది. బెంచీ మిత్రుడు ఇచ్చిన పుస్తకంలో ఒక పేజీకి పది ఇన్నింగ్స్‌కే గళ్లున్నాయి. పదకొండో ఇన్నింగ్స్ దగ్గర ఇంకో కాగితం బంకతో అతికించాను. ఆ అతుకు దగ్గర పెన్సిలు ఆగిన క్షణంలో నాకు తెలిసివచ్చింది, మామూలు ఆట అయితే ఈపాటికి ఇళ్లకు పోయి భోజనాలు కూడా అయ్యేవి. వీళ్లిద్దరూ ఇంకా వేస్తూనే ఉన్నారు.

రాస్తుంటే కనిపించిన మొదటి సంగతి, ఆ సున్నలు ఖాళీ సున్నలు కావు. నాలుగో ఇన్నింగ్స్‌లో బ్రేవ్స్ ఆటగాడు నార్మ్ లార్కర్ రెండో బేస్ మీద ఉండగా డెల్ క్రాండల్ బంతిని నడిమి ఔట్‌ఫీల్డ్‌లోకి కొట్టాడు. లార్కర్ ఇంటికి పరుగెత్తాడు. అక్కడ ఉన్నది విల్లీ మేస్. బంతి అందుకుని క్యాచర్‌కు విసిరాడు, లార్కర్ గీత దాటకముందే ఔట్. నా కాగితం మీద అది 8-2 అనే రెండు అంకెలు. ఆ రెండు అంకెలూ లేకపోతే బ్రేవ్స్ గడిలో ఒకటి పడేది, మిగిలిన రాత్రి ఎలా నడిచేదో ఎవరికి తెలుసు. ఏడో ఇన్నింగ్స్‌లో స్పాన్ స్వయంగా బ్యాటు పట్టి కుడివైపు కంచెకు తగిలేలా కొట్టి రెండో బేస్ చేరాడు. అప్పట్లో నేషనల్ లీగ్‌లో పిచ్చర్లే తమ బ్యాటింగ్ తాము చేసుకునేవారు. ఆ వయసులో, వేసేదీ తనే, పరుగెత్తేదీ తనే. అయినా ఇంటికి చేరలేదు. సున్న.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మెకోవీ కుడివైపు స్తంభం మీదుగా ఒక బంతిని ఎక్కడికో పంపాడు. జెయింట్స్ వాళ్లు గెలిచాం అనుకున్నారు. అంపైర్ క్రిస్ పెలెకూడస్ ఫౌల్, అంటే హద్దు బయట, అన్నాడు. స్తంభానికి లోపలి నుంచి వెళ్లిందా, బయటి నుంచి వెళ్లిందా అన్నది వాదన. నేను అంపైర్ల పక్షం వాణ్ని, స్కోరర్లు ఎప్పుడూ అటే ఉంటారు. మా బెంచీ మిత్రుడు మాత్రం అరవై ఏళ్లు దాటినా ఆ అంపైర్‌ను క్షమించలేదు. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం రెండు సాయంత్రాలు మాట్లాడుకోలేదు.

జెయింట్స్ మేనేజర్ ఆల్విన్ డార్క్ తొమ్మిదో ఇన్నింగ్స్ అయినప్పటి నుంచీ మారిచల్‌ను మార్చాలని చూస్తూనే ఉన్నాడు. మారిచల్ ఒప్పుకోలేదు. అవతల 42 ఏళ్ల మనిషి వేస్తుండగా 25 ఏళ్ల నేను దిగేది లేదన్నది అతని జవాబు. ఇది బేస్‌బాల్ ఎరిగినవాళ్లందరికీ తెలిసిన కథ. నాకు మాత్రం అందులో పొగరు కన్నా సిగ్గు ఎక్కువ కనిపించింది. పొలంలో ముసలాయన నాగలి వదలకపోతే కుర్రవాడు చెట్టు నీడకు పోలేడు.

ఇద్దరి తీరులో తేడా గళ్లలో తేటగా తెలుస్తుంది. మారిచల్ పదిమందిని స్ట్రైకౌట్ చేశాడు. స్పాన్ తీసిన ఔట్లు 46, అందులో స్ట్రైకౌట్లు రెండంటే రెండే. మిగతావన్నీ తన జట్టువాళ్ల చేతులమీదుగా. కొట్టనిస్తాడు, కానీ ఎక్కడికి కొట్టాలో తనే నిర్ణయిస్తాడు. వేగం తగ్గిన తర్వాత నేర్చుకున్న స్క్రూబాల్ అనే వంకర బంతి అతని ఆయుధం. మన పాత ఎడమచేతి స్పిన్నర్లను చూసినవాళ్లకు ఈ మనిషి కొత్తవాడేమీ కాడు. నాకు స్కోరు రాయడం నేర్పిన మా హిందీ మాస్టారు బాపూ నాద్‌కర్ణి పేరు చెబితే చేతిలో సుద్దముక్క కింద పెట్టేసేవారు. ఈ బేస్‌బాల్ ఆట జరిగిన ఆరు నెలలకు, 1964 జనవరిలో, మద్రాసు టెస్టులో ఇంగ్లాండు మీద నాద్‌కర్ణి లెక్క 32 ఓవర్లు, 27 మెయిడెన్లు, 5 పరుగులు, వికెట్లు లేవు. అందులో వరసగా 131 బంతులకు ఒక్క పరుగూ రాలేదు. వికెట్లు లేవు అన్న చివరి మాట చూసి ఆ పేజీ తిప్పేసేవాడు స్కోరర్ కాలేడనేవారు మాస్టారు.

పద్నాలుగో ఇన్నింగ్స్ నేను రెండుసార్లు చెరిపి రాశాను. జెయింట్స్ ఆటగాడు హార్వీ కీన్ డబుల్ కొట్టాడు, అంటే ఒక్క దెబ్బతో రెండో బేస్ చేరాడు. తర్వాత వచ్చేది మేస్ కాబట్టి అతనికి కావాలనే అందని బంతులు వేసి, నడిపించి మొదటి బేస్ ఇచ్చేశారు. ఆ రాత్రంతా స్పాన్ ఇచ్చిన ‘వాక్’ అదొక్కటే, అదీ కోరి ఇచ్చినది. తర్వాత బేసులన్నీ నిండాయి. ఎడ్ బెయిలీ వచ్చాడు. ఒక్క సరైన దెబ్బ చాలు. బంతి క్యాచ్ అయింది. మళ్లీ సున్న. ముగ్గురు మనుషులు మూడు బేసుల మీద నిలబడి ఉండగా పడిన ఆ సున్నను, అందరూ వరసగా ఔటైతే పడే సున్నతో సమానంగా రాయడానికి చేయి రాలేదు. కానీ పుస్తకంలో రెండింటికీ ఒకే గుర్తు. ఏం చేస్తాం.

అర్ధరాత్రి దాటింది. మైదానానికి వచ్చిన 15,921 మందిలో ఎందరు మిగిలారో లెక్క లేదు. పదహారో ఇన్నింగ్స్‌లో బ్రేవ్స్ మరోసారి సున్న. జెయింట్స్ బ్యాటింగ్‌లో మొదట కీన్ ఔట్. తర్వాత మేస్. స్పాన్ మొదటి బంతే స్క్రూబాల్ వేశాడు, అది తిరగవలసినంత తిరగలేదు. మేస్ దాన్ని ఎడమవైపు కంచె అవతలికి కొట్టాడు. జెయింట్స్ 1, బ్రేవ్స్ 0. నాలుగు గంటల పది నిమిషాలు. మారిచల్ వేసినవి 227 బంతులు, మన లెక్కలో 37 ఓవర్ల 5 బంతులు, విరామం పేరిట తన జట్టు బ్యాటింగ్ తప్ప మరేమీ లేకుండా. స్పాన్ వేసినవి 201. ఆ రెండువందల ఒకటో బంతే ఇంటికి రాలేదు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. 1951లో ఇదే విల్లీ మేస్ ఇరవై ఏళ్ల కుర్రవాడిగా పెద్ద లీగులోకి వచ్చి మొదటి పన్నెండు ప్రయత్నాల్లో ఒక్క హిట్ కొట్టలేకపోయాడు. పదమూడోసారి కొట్టాడు, హోమ్ రన్. వేసినది వారెన్ స్పాన్. ఆ రోజు నేను వాడిని ఔట్ చేసి ఉంటే మేస్ పీడ మాకందరికీ శాశ్వతంగా వదిలేదేమో అని స్పాన్ తర్వాత నవ్వుతూ చెప్పుకునేవాడు. పన్నెండేళ్ల తర్వాత మళ్లీ అదే చేయి, అదే బ్యాటు. నాలుగో ఇన్నింగ్స్‌లో ఎదుటి జట్టు ఒకటిని చెరిపినవాడూ, పదహారులో తన జట్టు ఒకటిని రాసినవాడూ కూడా మేసే. నా కాగితం మీద ఆ రెండు గళ్లకూ మాత్రం ఎర్ర పెన్సిలు వాడాను, స్కోరర్లు అలా చేయకూడదు గాని.

ఇంకొకటి చెప్పకపోతే మా మిత్రుడు ఒప్పుకోడు. ఆ రాత్రి మైదానంలో కార్ల్ హబెల్ అనే పెద్దాయన ఉన్నాడు, అప్పటికి జెయింట్స్ సంస్థలోనే ఉద్యోగి. ఆయన కూడా ఒకప్పుడు స్క్రూబాల్‌కు పేరుమోసిన ఎడమచేతి పిచ్చరే. 1933లో న్యూయార్క్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు మీద 18 ఇన్నింగ్స్ ఒక్కడే వేసి, ఒక్క వాక్ కూడా ఇవ్వకుండా, 1-0తో గెలిపించాడు. తేదీ జూలై 2. ముప్పై ఏళ్ల తర్వాత అదే తేదీన కూర్చుని స్పాన్‌ను చూసి, ఈ మనిషి తన శరీరాన్ని వైద్యశాస్త్రానికి రాసి ఇవ్వాలి అన్నాడట. మీ విలేఖరికి వింతే కావాలంటే ఇదుగో, ఇది వింత.

ఆ కాలమే గొప్ప, ఇప్పటివాళ్లు మెత్తనివాళ్లు అని నేను అనబోవడం లేదు. ఇప్పుడు పిచ్చర్‌ను వంద బంతుల దగ్గర దించేస్తారు, నేను చూసిన ఆటలో అయిదో ఇన్నింగ్స్‌కే దించారు. భుజాలు తెగిపోయిన కుర్రవాళ్లు ఎందరున్నారో తెలిసి పెట్టుకున్న కట్టడి అది, సమంజసమే. స్పాన్ ఆ 1963లో 23 గెలిచి 7 ఓడాడు. మరుసటి ఏడు 6 గెలిచి 13 ఓడాడు. వయసు తన బాకీ వసూలు చేసుకుంది. మారిచల్ కూడా దేవుడేమీ కాడు. 1965లో అదే క్యాండిల్‌స్టిక్‌లో డాడ్జర్స్ క్యాచర్ జాన్ రోజ్‌బరోను బ్యాటుతో తల మీద కొట్టాడు. తర్వాతి కాలంలో ఇద్దరూ కలిసిపోయారు. నేను చేతులు జోడించబోయిన విగ్రహం గురించి ఇది తెలిసినప్పుడు కాసేపు మనసు బాగుండలేదు.

నాకు నచ్చనిది మాత్రం ఒకటుంది. 2020 నుంచి తొమ్మిది ఇన్నింగ్స్ సమానంగా ముగిస్తే, పదో ఇన్నింగ్స్ మొదట్లోనే బ్యాటింగ్ జట్టు మనిషిని ఒకణ్ని ఊరకే రెండో బేస్ మీద నిలబెడుతున్నారు, తొందరగా పరుగు రావాలని. కొట్టకుండా, నడవకుండా అక్కడికి వచ్చినవాణ్ని పుస్తకంలో ఎలా రాయాలి? ఇచ్చినవాడెవడు, పుచ్చుకున్నవాడెవడు? లెక్కలో తప్పు జమ కనిపిస్తే తపాలా ఆఫీసులో మేము రాత్రి ఎనిమిదిదాకా ఇంటికి వెళ్లేవాళ్లం కాదు.

ఇంతకీ ఈ ముసలాయనకు ఎక్కడి కోపమిది అనుకుంటున్నారేమో, చెప్తాను. 1987 వేసవిలో మా ఊళ్లో ఒక నలభై ఓవర్ల ఆట. ఒక జట్టులో రైసు మిల్లులో బస్తాలు మోసే కుర్రవాడు ఉన్నాడు. ఎడమచేతి స్పిన్. మిల్లు పని ముగించుకుని, బూట్లు లేకుండా వచ్చాడు. 8 ఓవర్లు, 5 మెయిడెన్లు, 6 పరుగులు, వికెట్లు లేవు. నేనే రాశాను కాబట్టి అంకెలు ఇప్పటికీ నోటికి వస్తాయి. ఎదుటి జట్టు 9 పరుగుల తేడాతో ఓడింది. అతని ఎనిమిది ఓవర్లలో ఊపిరాడక అవతలి చివర కొట్టబోయి ఔటైనవాళ్లే అందరూ. మర్నాడు అప్పటి ఒక దినపత్రికలో ఆట వార్త వచ్చింది. 62 కొట్టినవాడి పేరు, నాలుగు వికెట్లు తీసినవాడి పేరు, బహుమతి ఇచ్చిన పెద్దమనిషి పేరు, ఆయన తమ్ముడి పేరు.

ఆ సాయంత్రం కుర్రవాడు పత్రిక మడిచి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. “పోస్టు మాస్టారూ, మీ పుస్తకంలో అయినా నా పేరుందా అండీ?” అన్నాడు. నేను పోస్టుమాస్టరును కాను, గుమాస్తానే, అయినా అందరూ అలాగే పిలిచేవారు. పుస్తకం తెచ్చి పేజీ తీసి చూపించాను. ఎనిమిది గళ్లు, అయిదు గళ్లలో చుక్కలు తప్ప అంకె లేదు. మెయిడెన్ ఓవర్‌కు ఆరు చుక్కలనూ కలిపి ఎం అక్షరం గీస్తాం, అలాంటివి అయిదు. అతను వేలు ఆనించి ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. “ఇవి నావేనా?” అన్నాడు. నీవే అన్నాను. మా ఆవిడ మజ్జిగ ఇస్తే తాగి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు జట్టులో లేడు. బందరు వైపు పనికి వెళ్లాడన్నారు.

అందుకని నా మనవి రెండు ముక్కల్లో. ఆ 1963 ఆటను వింతల్లో కాకుండా మీ ఆటల పేజీలో, సగం కాలమ్ అయినా సరే, మళ్లీ వేయండి. జిల్లాల్లో జరిగే చిన్న చిన్న ఆటల వార్తలు వేసేటప్పుడు, బహుమతి ప్రదానం ఫొటో కాస్త చిన్నది చేసి, బౌలర్ల లెక్క ఒక్క వరస చేర్చండి. ఓవర్లు, మెయిడెన్లు, పరుగులు, వికెట్లు, అంతే. వికెట్లు లేనివాళ్లది కూడా. మీ పేజీలో అర అంగుళం పట్టదు, కొలిచే రాస్తున్నాను.

క్యాండిల్‌స్టిక్ ఆట స్కోరు కాగితం, అతుకుతో సహా, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పై వరసలో పదహారు సున్నలు, కింది వరసలో పదిహేను, చివర ఒకటి. వేసుకోదలిస్తే వేసుకోండి, లేకపోతే తిప్పి పంపండి, నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. స్పీడ్ పోస్టుకు సరిపడా స్టాంపులు అంటించి, నా చిరునామా రాసిన కవరు లోపలే పెట్టాను. బంక ఇంకా పూర్తిగా ఆరలేదు, కాగితం మడవకుండా చుట్టి పెట్టమని మీ ఆఫీసులో వాళ్లతో చెప్పండి.

ఇట్లు,
రిటైరైన తపాలా గుమాస్తా, పాత స్కోరర్,
తెనాలి.